మేధో వైకల్యం గల వయోజనులలో కుంగుబాటు స్క్రీనింగు

మేధో వైకల్యం గల వయోజనులలో కుంగుబాటు స్క్రీనింగు అనగా, మేధో వైకల్యంతో జీవిస్తున్న పెద్దవారిలో కుంగుబాటు లేదా డిప్రెషన్ అనే మానసిక వ్యాధి ఉండే అవకాశాన్ని ప్రశ్నావళుల ద్వారా, సంభాషణ ద్వారా, దగ్గరివారి పరిశీలనల ద్వారా ముందుగా పసిగట్టే ప్రక్రియ. స్క్రీనింగు వ్యాధి నిర్ధారణ కాదు. ఎవరికి పూర్తిస్థాయి వైద్య పరీక్ష అవసరమో తెలిపే తొలి జల్లెడ మాత్రమే. కుంగుబాటు అందరిలాగే మేధో వైకల్యం గలవారికి కూడా వస్తుంది, చికిత్సతో తగ్గుతుంది. అయితే వీరిలో కనిపించే మార్పులను వైకల్యంలో భాగంగా భావించడం వల్ల వ్యాధి చాలాకాలం గుర్తింపునకు రాకుండా ఉండిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దటానికి 1980ల నుండి, ముఖ్యంగా అమెరికా, బ్రిటన్ దేశాలలో, ప్రత్యేకమైన కొలమానాలు రూపొందాయి. వాటిలో స్కాట్లాండు నుండి వచ్చిన గ్లాస్గో డిప్రెషన్ స్కేలు ప్రసిద్ధమైనది.

పదజాలం

మేధో వైకల్యం అంటే తెలివితేటలలోను, రోజువారీ పనులు చేసుకునే నేర్పులోను గణనీయమైన పరిమితి ఉండటం. ఇది ఎదుగుదల కాలంలోనే, అనగా బాల్యంలోనో కౌమారంలోనో మొదలవుతుంది. దీనిని తీవ్రతను బట్టి స్వల్ప, మధ్యస్థ, తీవ్ర, అతితీవ్ర అని నాలుగు స్థాయిలుగా విభజిస్తారు. తెలుగులో పూర్వం బుద్ధిమాంద్యం, మానసిక వికలాంగత అనే మాటలు వాడేవారు. ఇవి అవమానకరంగా ధ్వనిస్తున్నందున ఇప్పుడు మేధో వైకల్యం అనే మాట వాడుకలోకి వచ్చింది. అమెరికాలో 2010లో వచ్చిన రోసా చట్టం ద్వారా అక్కడి సమాఖ్య చట్టాలలో పాత పదాన్ని తొలగించారు. బ్రిటన్‌లో ఇదే స్థితిని లెర్నింగ్ డిజెబిలిటీ అని పిలుస్తారు.

కుంగుబాటు వేరు, మేధో వైకల్యం వేరు. మేధో వైకల్యం జీవితాంతం ఉండే స్థితి. కుంగుబాటు ఒక కాలంలో మొదలై, చికిత్సతో తగ్గే వ్యాధి. కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం దీని ప్రధాన లక్షణాలు. నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రతలలో మార్పులు, తనను తాను నిందించుకోవడం, చనిపోవాలనే ఆలోచనలు దీనితో పాటు ఉండవచ్చు.

వ్యాధి మరుగున పడటానికి కారణాలు

1982లో అమెరికాకు చెందిన స్టీవెన్ రీస్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఒకే రకమైన మానసిక సమస్య గల వ్యక్తి వివరాలను మనస్తత్వ నిపుణులకు ఇచ్చి అభిప్రాయం అడిగారు. ఆ వ్యక్తికి మేధో వైకల్యం ఉందని చెప్పినప్పుడు, అదే సమస్యను మానసిక రుగ్మతగా గుర్తించే అవకాశం తగ్గిపోయింది. ఒక స్థితి యొక్క నీడ మరొక వ్యాధిని కప్పివేసే ఈ ధోరణికి వారు డయాగ్నోస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అని పేరు పెట్టారు. ఇందులో రోగి లక్షణాలలో తేడా లేదు, చూసేవారి దృష్టిలోనే తేడా ఉన్నది. అందువలన స్క్రీనింగు చేసేవారు ముందుగా తమ అంచనాలను తామే సరిచూసుకోవలసి ఉంటుంది.

1986లో రాబర్ట్ సావ్నర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు సాధారణ నిర్ధారణ ప్రమాణాలు మేధో వైకల్యం గలవారికి సరిగా వర్తించకపోవడానికి నాలుగు కారణాలను వివరించాడు. అవి:

* భావ వ్యక్తీకరణలో పరిమితి: తన మనసులో ఏమి జరుగుతున్నదో గమనించి మాటలలో చెప్పడం కష్టం కావడం.
* జీవితానుభవం యొక్క పరిమితి: లోకజ్ఞానం తక్కువగా ఉన్నందున లక్షణాలు కూడా సాదాగా కనిపించి, చూసేవారికి చిన్న విషయాలుగా అనిపించడం.
* ఒత్తిడిలో చెదరిపోవడం: తీవ్రమైన ఒత్తిడికి గురైనప్పుడు ప్రవర్తన అస్తవ్యస్తమై, అసలు వ్యాధి వేరొక వ్యాధిలా కనిపించడం.
* పాత అలవాట్లు తీవ్రం కావడం: ముందునుండే ఉన్న ప్రవర్తనా సమస్యలు వ్యాధి వచ్చినప్పుడు ఎక్కువ కావడం. ఇవి కొత్త లక్షణాలు కానందున ఎవరూ పట్టించుకోరు.

వీటిలో నాలుగవది స్క్రీనింగుకు మిక్కిలి ముఖ్యం. ఉదాహరణకు ఎప్పుడో ఒకసారి చెయ్యి కొరుక్కునే వ్యక్తి రోజుకు పదిసార్లు కొరుక్కోవడం మొదలుపెడితే అది అలవాటు కాదు, మార్పు. కాబట్టి స్క్రీనింగులో అడగవలసిన మూల ప్రశ్న "ఈయన ఎలా ఉన్నాడు?" అన్నది కాదు, "ఈయన ఇదివరకు ఎలా ఉండేవాడు, ఇప్పుడు ఏమి మారింది?" అన్నది.

కనిపించే సంకేతాలు

స్వల్ప వైకల్యం గలవారిలో కుంగుబాటు లక్షణాలు ఇతరులలో ఉన్నట్లే ఉంటాయి. వైకల్యం తీవ్రత పెరిగేకొద్దీ మాటల ద్వారా తెలిసే లక్షణాలు తగ్గి, చూసి తెలుసుకోవలసినవి పెరుగుతాయి. దగ్గరివారు గమనించదగిన మార్పులు ఇవి:

* ఇష్టమైన పాటలు, టీవీ, ఆటలు, షికార్ల పట్ల ఆసక్తి తగ్గడం
* ఊరకనే ఏడవడం, ముఖంలో కళ తగ్గడం, నవ్వకపోవడం
* చిరాకు, కోపం, తనను గాని ఇతరులను గాని కొట్టడం
* మాటలు తగ్గిపోవడం, గదిలో ఒంటరిగా ఉండిపోవడం
* నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున మెలకువ రావడం, లేదా అతిగా నిద్రపోవడం
* తిండి తగ్గడం లేదా పెరగడం, బరువులో మార్పు
* స్నానం, దుస్తులు ధరించడం వంటి వచ్చిన పనులను మానివేయడం లేదా మరచిపోవడం
* పదేపదే ధైర్యం చెప్పమని అడగడం, ఒకరినే అంటిపెట్టుకొని ఉండటం
* కడుపునొప్పి, తలనొప్పి వంటి బాధలను తరచుగా చెప్పడం

ఇతరులను కొట్టడం, తనను గాయపరచుకోవడం వంటివి కుంగుబాటుకు ప్రత్యక్ష సూచికలా కావా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఇవి నొప్పి వలన, భయం వలన, తన అవసరాన్ని చెప్పలేకపోవడం వలన కూడా కలుగుతాయి. అందువలన ఇటువంటి ప్రవర్తన ఒక్కదానిని చూసి కుంగుబాటు అనడం సరికాదు. అలాగని దానిని ప్రవర్తనా సమస్యగా మాత్రమే చూసి మత్తు కలిగించే మందులతో అణచివేయడం కూడా సరికాదు. ఇంగ్లండులో 30,000 నుండి 35,000 మంది మేధో వైకల్యం గల వయోజనులు తగిన వైద్య కారణం లేకుండానే మానసిక వ్యాధుల మందులు వాడుతున్నారని 2015లో అక్కడి ప్రజారోగ్య సంస్థ అంచనా వేసింది. ఇటువంటి మందుల వాడకాన్ని తగ్గించటానికి 2016లో స్టాంప్ అనే ఉద్యమం అక్కడ మొదలైంది.

ఎంతమందిలో ఉంటుంది

ఈ విషయంపై జరిగిన ముఖ్యమైన అధ్యయనాలలో ఒకటి గ్లాస్గో నగర ప్రాంతంలో శాలీ-ఆన్ కూపర్ బృందం 1,023 మంది వయోజనులపై చేసినది. దీని ఫలితాలు 2007లో వెలువడ్డాయి. వైద్యులు స్వయంగా పరీక్షించి చేసిన నిర్ధారణ ప్రకారం వీరిలో 40.9 శాతం మందికి ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉన్నది. మేధో వైకల్యం గలవారి కోసం రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2001లో ప్రచురించిన డీసీ-ఎల్‌డీ ప్రమాణాల ప్రకారం 35.2 శాతం మందిలోను, సాధారణ ప్రజల కోసం తయారైన ఐసీడీ-10 ప్రమాణాల ప్రకారం 16.6 శాతం మందిలోను, డీఎస్ఎం-4 ప్రమాణాల ప్రకారం 15.7 శాతం మందిలోను మాత్రమే తేలింది. అనగా మనుషులు అవే, కొలత మారితే సగానికి పైగా కనిపించకుండా పోయారు. అదే సమూహంలో పరీక్ష సమయానికి కుంగుబాటుతో ఉన్నవారు సుమారు 4 శాతం.

కారణాలు

జన్యుపరమైన, శారీరకమైన కారణాలతో పాటు జీవిత సంఘటనలు కుంగుబాటుకు దారి తీస్తాయి. ఆత్మీయుల మరణం, ఇల్లు మారడం, అలవాటైన సంరక్షకులు వెళ్ళిపోవడం, హేళన, వేధింపు, లైంగిక దాడి, పనీ స్నేహితులూ లేకపోవడం వీటిలో ముఖ్యమైనవి. తల్లిదండ్రులతో నివసించే వ్యక్తికి తల్లి మరణిస్తే, తల్లితో పాటు ఇల్లు, దినచర్య, తన మాటలు అర్థం చేసుకునే మనిషి ఒకేసారి దూరమవుతాయి. చాలా సందర్భాలలో మరణవార్తను దాచిపెట్టడం, అంత్యక్రియలకు దూరంగా ఉంచడం వల్ల ఆ వ్యక్తికి ఏమి జరిగిందో కూడా తెలియదు.

1997లో షీలా హాలిన్స్, ఆలివ్ ఎస్టర్‌హైజెన్ ప్రచురించిన అధ్యయనంలో తల్లిని గాని తండ్రిని గాని కోల్పోయిన 50 మందిని, అటువంటి వియోగం లేని మరొక 50 మందితో పోల్చారు. మొదటి వర్గంలో మానసిక, ప్రవర్తనా సమస్యలు ఎక్కువగా ఉన్నాయి. అయితే సంరక్షకులు ఆ సమస్యలకు వియోగమే కారణమని సాధారణంగా భావించలేదు. అందువలన స్క్రీనింగులో గత ఏడాది రెండేళ్ళలో జరిగిన మార్పులను గురించి తప్పక అడగాలి.

స్క్రీనింగు సాధనాలు

సాధారణ ప్రజలకు వాడే పీహెచ్‌క్యూ-9 వంటి ప్రశ్నావళులలో వాక్యాలు పొడవుగా ఉంటాయి. గత రెండు వారాలలో ఎన్ని రోజులు ఇలా అనిపించిందో లెక్కపెట్టి చెప్పమని అవి అడుగుతాయి. చదవడం, కాలాన్ని అంచనా వేయడం, పోల్చి చెప్పడం కష్టమైనవారికి ఇవి ఉపయోగపడవు. ఈ కారణంగా ప్రత్యేక సాధనాలు అవసరమయ్యాయి.

గ్లాస్గో డిప్రెషన్ స్కేలు

దీనిని కట్‌హిల్, ఎస్పీ, కూపర్ అనే పరిశోధకులు తయారుచేసి 2003లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురించారు. ఇది స్వల్ప, మధ్యస్థ స్థాయి వైకల్యం ఉండి మాట్లాడగలిగినవారి కోసం ఉద్దేశించినది. ఇందులో 20 ప్రశ్నలు ఉంటాయి. గడచిన వారం రోజులలో ఎలా ఉన్నదో అడిగి, లేదు, కొన్నిసార్లు, ఎప్పుడూ అనే మూడు రకాల జవాబులకు 0, 1, 2 మార్కులు వేస్తారు. మొత్తం 40 మార్కులు. ప్రశ్నలను పరీక్షకులు చదివి వినిపిస్తారు. ప్రశ్న అర్థం కాకపోతే మరొక విధంగా అడగటానికి వీలుంటుంది.

దీనికి తోడుగా సంరక్షకులు నింపే 16 ప్రశ్నల అనుబంధ పత్రం కూడా ఉన్నది. దీనివలన ఒకే మనిషి గురించి రెండు స్వరాలు వినబడతాయి. లోపలి దిగులును వ్యక్తి మాత్రమే చెప్పగలడు. నిద్రలో, తిండిలో వచ్చిన మార్పును పక్కనున్నవారు మెరుగుగా చెప్పగలరు. ఈ రెండూ ఏకీభవించనప్పుడు సంరక్షకుల మాటనే నిజమని తీసుకోకుండా, తేడా ఎందుకు వచ్చిందో విచారించాలి.

13 మార్కులను హద్దుగా తీసుకున్నప్పుడు కుంగుబాటు ఉన్నవారిలో 96 శాతం మందిని ఇది పట్టుకోగలిగిందని, లేనివారిలో 90 శాతం మందిని లేదని సరిగా చెప్పిందని రూపకర్తలు తెలిపారు. అయితే ఈ అంకెలు చిన్న నమూనాపై వచ్చినవి.

ఇతర సాధనాలు

* పాస్-ఆడ్ చెక్‌లిస్టు: స్టీవ్ మాస్ బృందం 1998లో ప్రచురించినది. మానసిక వైద్యంలో శిక్షణ లేని కుటుంబ సభ్యులు, సంరక్షకులు నింపటానికి వీలుగా ఉంటుంది. కుంగుబాటుతో పాటు ఇతర మానసిక వ్యాధులను కూడా పరిశీలిస్తుంది. జీవిత సంఘటనల జాబితా ఇందులో భాగం.
* మూడ్, ఇంటరెస్ట్ అండ్ ప్లెజర్ ప్రశ్నావళి: రాస్, ఆలివర్ 2003లో ప్రచురించారు. మాటలు లేని తీవ్ర, అతితీవ్ర వైకల్యం గలవారి ఉత్సాహాన్ని, ఆసక్తిని సంరక్షకుల పరిశీలన ద్వారా కొలుస్తుంది.
* ఆడమ్స్ స్కేలు: ఎస్బెన్సెన్ బృందం 2003లో అమెరికాలో రూపొందించినది. 28 అంశాలతో ఆందోళన, కుంగుబాటు వంటి స్థితులను కొలుస్తుంది.
* రీస్ స్క్రీన్: పైన పేర్కొన్న స్టీవెన్ రీస్ 1980లలో రూపొందించినది.

ప్రశ్నలు అడిగే విధానం

మేధో వైకల్యం గలవారు ప్రశ్న అర్థం కానప్పుడు అవునని తలూపే అవకాశం ఎక్కువగా ఉంటుందని 1981లో కరోల్ సిగెల్మన్ బృందం చూపింది. జీవితమంతా ఇతరుల మాట వినవలసి వచ్చినవారికి కాదనడం తేలిక కాదు. ఈ ఇబ్బందిని తగ్గించటానికి పాటించవలసిన పద్ధతులు:

* ముందుగా జవాబులు తెలిసిన సులభమైన ప్రశ్నలు అడిగి, అవును, కాదు అన్న తేడా తెలుస్తున్నదో లేదో చూడాలి.
* వాక్యానికి ఒక విషయమే అడగాలి. "నిద్ర, ఆకలి బాగున్నాయా?" అని కలిపి అడగరాదు.
* ముఖాల బొమ్మలు, గుర్తులు గల కార్డులు చూపి, వేలితో చూపించమనాలి.
* "రెండు వారాలుగా" అనే మాటకు బదులు ఆ వ్యక్తికి గుర్తున్న ఒక సంఘటనను తీసుకొని "పండుగ అయిన దగ్గరనుండి" అని అడగాలి.
* ఒకే విషయాన్ని తరువాత తిరగవేసి అడిగి, జవాబు నిలకడగా ఉన్నదో లేదో గమనించాలి.
* జవాబుకు తగినంత సమయం ఇవ్వాలి. పక్కనున్నవారు అందించకుండా చూడాలి.
* వ్యక్తి అంగీకారంతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడాలి. వేధిస్తున్నవారే పక్కన కూర్చొని ఉండే అవకాశాన్ని మరువరాదు.

చనిపోవాలనే ఆలోచన ఉన్నదా అని కూడా సూటిగా, నెమ్మదిగా అడగాలి. అర్థం కాదులే అని ఈ ప్రశ్నను వదిలివేయడం ప్రమాదకరం. అటువంటి ఆలోచన ఉన్నదని తెలిస్తే మిగిలిన మార్కులతో నిమిత్తం లేకుండా వెంటనే వైద్య సహాయం అందించాలి.

ఫలితాలను అర్థం చేసుకోవడం

హద్దును మించి మార్కులు వచ్చినంత మాత్రాన కుంగుబాటు ఉన్నట్లు కాదు. ఒక ఊహా లెక్క చూడవచ్చు. 1,000 మందిలో 4 శాతం, అనగా 40 మందికి కుంగుబాటు ఉన్నదనుకొందాం. గ్లాస్గో స్కేలు రూపకర్తలు చెప్పిన అంకెల ప్రకారం వీరిలో సుమారు 38 మంది బయటపడతారు. మిగిలిన 960 మందిలో 10 శాతం, అనగా 96 మంది వ్యాధి లేకున్నా హద్దును దాటుతారు. మొత్తం 134 మంది జల్లెడలో నిలిస్తే, వారిలో నిజంగా వ్యాధి ఉన్నవారు 38 మంది, అనగా సుమారు 28 శాతం మాత్రమే. అయినప్పటికీ ఇది వ్యర్థం కాదు. 1,000 మందికి బదులు 134 మందిని వైద్యుడు శ్రద్ధగా పరీక్షిస్తే దాదాపు అందరు రోగులూ దొరుకుతారు. కాని స్క్రీనింగు మార్కులను చూసి నేరుగా మందులు మొదలుపెడితే, వ్యాధి లేనివారే ఎక్కువమంది వాటిని మింగవలసి వస్తుంది.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉన్నది. మార్కులు తక్కువగా వచ్చినా దగ్గరివారు పెద్ద మార్పును గమనించి ఉంటే, పరీక్ష అక్కడితో ఆపరాదు.

పరిశీలించవలసిన శారీరక కారణాలు

కుంగుబాటును పోలిన లక్షణాలు శారీరక వ్యాధులలో కూడా ఉంటాయి. థైరాయిడ్ లోపం డౌన్ సిండ్రోమ్ గలవారిలో సాధారణ జనాభా కంటే ఎక్కువ. దీనివలన మందకొడితనం, బరువు పెరగడం, నిస్సత్తువ కలుగుతాయి. డౌన్ సిండ్రోమ్ గలవారిలో అల్జీమర్స్ వ్యాధి కూడా చిన్న వయస్సులోనే మొదలవుతుంది. వచ్చిన పనులు మరచిపోవడం దాని వలన కావచ్చు, కుంగుబాటు వలన కావచ్చు. రక్తహీనత, బి12 విటమిన్ లోపం, నిద్రలో శ్వాస ఆగడం, మలబద్ధకం, పంటి నొప్పి, వినికిడి లేదా చూపు తగ్గడం కూడా పరిశీలించాలి. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్, లెవెటిరాసెటామ్ వంటి కొన్ని మందులు మనఃస్థితిని మార్చగలవు. మందులను మాత్రం వైద్యుని సలహా లేకుండా ఆపరాదు.

స్క్రీనింగు తరువాత

బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలు మేధో వైకల్యం గల వయోజనులకు ఏటా జరిపే ఆరోగ్య పరీక్షలో మానసిక ఆరోగ్యాన్ని కూడా చూడాలని సూచించాయి. స్వల్ప స్థాయి వైకల్యం గలవారిలో కుంగుబాటుకు, వారికి తగినట్లు మార్చిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని పరిశీలించమని తెలిపాయి. మాటల చికిత్స వీరికి పనికిరాదన్న పాత అభిప్రాయం ఇప్పుడు మారింది.

2017లో ఆండ్రూ జహోడా బృందం స్కాట్లాండు, ఇంగ్లండు, వేల్స్‌లలో 161 మందిపై జరిపిన అధ్యయనం లాన్సెట్ సైకియాట్రీలో వెలువడింది. ఒక వర్గానికి సంతోషాన్నిచ్చే, అర్థవంతమైన పనులను తిరిగి మొదలుపెట్టించే చికిత్సను, మరొక వర్గానికి సులభమైన పుస్తకాల సాయంతో స్వయం సహాయక శిక్షణను ఇచ్చారు. రెండు వర్గాలలోను కుంగుబాటు తగ్గింది. ఒకటి మరొకదానికంటే మెరుగని తేలలేదు. ఈ అధ్యయనంలో ఫలితాన్ని కొలవటానికి వాడినది గ్లాస్గో స్కేలే. వ్యాధి తీవ్రతను బట్టి కుంగుబాటు మందులను కూడా వైద్యులు వాడతారు. వాటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, దుష్ఫలితాలను చెప్పలేనివారిని మరింత జాగ్రత్తగా గమనించవలసి ఉంటుంది.

భారతదేశంలో

2011 జనాభా లెక్కలలో మేధో వైకల్యం గలవారు సుమారు 15 లక్షల మంది నమోదయ్యారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యాన్ని, మానసిక వ్యాధిని వేర్వేరు వైకల్యాలుగా పేర్కొన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక వ్యాధి నిర్వచనం నుండి మేధో వైకల్యాన్ని మినహాయించింది. రెండూ వేర్వేరు కనుక ఒకే వ్యక్తికి రెండూ ఉండవచ్చు, అప్పుడు రెండింటికీ సేవలు అందాలి. ఈ రంగంలో శిక్షణ, పరిశోధన, సేవలకు కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. ఇది ప్రస్తుతం ఎన్ఐఈపీఐడీ అనే పేరుతో పనిచేస్తున్నది.

ఆంగ్ల ప్రశ్నావళులను తెలుగులోకి మార్చేటప్పుడు మాట మార్చితే చాలదు. వ్యాకులత, నిరాసక్తత వంటి గ్రాంథిక పదాలు అడిగేవారికే గాని జవాబు చెప్పేవారికి తెలియవు. దిగులు, బెంగ, ఏడుపు రావడం, ఏమీ చేయబుద్ధి కాకపోవడం వంటి ఇంటి మాటలు వాడవలసి ఉంటుంది. ఒక దేశంలో నిర్ణయించిన హద్దు మార్కులను, ఇక్కడివారిపై పరీక్షించకుండా, యథాతథంగా తీసుకోరాదు. నలభై ఏళ్ళ వ్యక్తిని ఎదుట కూర్చోబెట్టి, "బాబు ఎలా ఉన్నాడమ్మా?" అని తల్లిని మాత్రమే అడగడం స్క్రీనింగు అనిపించుకోదు. మొదటి ప్రశ్న ఆ వ్యక్తినే అడగాలి.

మానసిక ఆరోగ్య సలహా కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ సేవను ప్రారంభించింది. దీని ఉచిత ఫోను నంబరు 14416. కుటుంబ సభ్యులు, సంరక్షకులు కూడా దీనిని ఉపయోగించుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* కుంగుబాటు
* మేధో వైకల్యం
* డౌన్ సిండ్రోమ్
* ఆటిజం
* మానసిక ఆరోగ్యం